నియాండర్తాల్ మనిషికి మాటలొచ్చా?

రాతిగొడ్డలి:
భాష ఎలా పుట్టిందన్న గొడవే మా దగ్గర వద్దని 1866లో పారిస్ భాషాశాస్త్ర సంఘం నియమం పెట్టుకుంది. ఊహాగానాలతో విసిగిపోయి ఉంటారు, పాపం. ఇప్పుడు చేతిలో ఎముకలున్నాయి కాబట్టి తెగించి అడుగుతున్నా. నా లెక్కలో భాష మనకంటే ముందే ఉంది. ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో 1983లో ఓ నియాండర్తాల్ (మనకు దగ్గరి చుట్టమైన, ఇప్పుడు అంతరించిపోయిన మానవజాతి) అస్థిపంజరం దొరికింది, సుమారు 60,000 ఏళ్ల నాటిది. నాలుక మొదట్లో ఉండే హయాయిడ్ ఎముక దాంట్లో పదిలంగా ఉంది. ఆకారం ఇంచుమించు మనదే. ఇథియోపియాలోని డికికాలో దొరికిన 33 లక్షల ఏళ్ల నాటి పసిపిల్లదేమో చింపాంజీ ఎముకలా ఉంది. మధ్యలో ఎక్కడో గొంతు మారిందిగా!

సందేహి:
గొంతు మారితే మాటలు వచ్చేసినట్టేనా? మకాక్ కోతి తింటున్నప్పుడు, ఆవలిస్తున్నప్పుడు, అరుస్తున్నప్పుడు ఎక్స్‌రే వీడియోలు తీసి, ఆ గొంతుతో ఏ శబ్దాలు సాధ్యమో కంప్యూటర్‌లో లెక్కగట్టారు. 2016 నాటి సంగతి. అర్థమయ్యేలా మాట్లాడటానికి ఆ గొంతు సరిపోతుందట! లేనిదల్లా దాన్ని ఆడించే మెదడు. మీ ఎముక మీ పక్షాన సాక్ష్యం చెప్పదండీ.

రాతిగొడ్డలి:
మరి మాటతో సంబంధం ఉన్న ఫాక్స్‌పి2 జన్యువో? చింపాంజీతో పోలిస్తే మనలో ఉన్న రెండు మార్పులూ నియాండర్తాల్‌లోనూ ఉన్నాయని 2007లోనే తేలింది.

సందేహి:
ఆ జన్యువు పాడే పిట్టల్లోనూ పనిచేస్తుంది. అదొక్కటే వ్యాకరణం రాసిపెట్టదు.

మౌనభాషి:
ఇద్దరూ గొంతు దగ్గరే ఆగిపోయారు. నికరాగ్వాలో 1970ల చివర్లో బధిర పిల్లల్ని ఒక బడిలో చేర్చారు. సైగల భాష ఎవరూ నేర్పలేదు, వాళ్లే పుట్టించుకున్నారు. ఒక వస్తువు దొర్లుతూ కిందికి పోయిందని చెప్పాలంటే మొదటి తరం పిల్లలు ఎక్కువగా చేతిని తిప్పుతూనే కిందికి దించేవాళ్లు. చూసింది చూసినట్టు, ఒకే కదలిక. తర్వాత వచ్చిన పిల్లలు దాన్ని విడగొట్టారు: ముందు 'దొర్లడం', ఆపైన 'కిందికి'. బొమ్మ కాస్తా రెండు మాటలైంది. నాకు భాష పుట్టుక అంటే ఇదీ. ఇందులో హయాయిడ్‌కి పనేముంది?

రాతిగొడ్డలి:
సరే, ఎముక పక్కన పెడతా. కానీ మౌనభాషి గారూ, రాయి చెక్కేవాడికి రెండు చేతులూ పనిలోనే ఉంటాయి. పక్కవాడికి 'అక్కడ కాదు, ఈ అంచున కొట్టు' అని ఎలా చెప్పేవాడు?

మౌనభాషి:
చేతులు ఖాళీ లేకే గొంతు అందుకుని ఉంటుందంటాను. చీకట్లోనూ అంతే కదా. ముందు ఏది, వెనక ఏది అన్నదే నా పేచీ.