అప్‌డేట్: బంకమట్టి ఫిల్లింగ్ సున్నంతో గట్టిపడింది
ఫ్లోరింగ్ కింద బంకమట్టి ఎంత రోలింగ్ చేసినా 95 శాతం కాంపాక్షన్ (ల్యాబ్‌లో వచ్చే గరిష్ఠ సాంద్రతలో 95 శాతం) రావడం లేదు, ఏ కెమికల్ కలపాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. సున్నమే పనిచేసింది.

జియోటెక్ (మట్టి పరీక్షల) ఇంజనీర్ పరీక్షిస్తే మట్టిలో తేమ, ప్లాస్టిసిటీ (తడిస్తే మెత్తగా సాగే గుణం) రెండూ బాగా ఎక్కువని తేలింది. సల్ఫేట్ (ఒక రకం లవణం) ఎక్కువుంటే సున్నం తగిలి మట్టి ఉబ్బుతుంది కాబట్టి ముందు అది చూశారు, తక్కువే ఉంది. సున్నం కలిపి, కొంత సమయం వదిలేసి, మళ్లీ కలిపి పలుచటి పొరలుగా తొక్కించారు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: సున్నం కలిపాక గరిష్ఠ పొడి సాంద్రత (నీటి బరువు తీసేసి చూస్తే తొక్కించి రాబట్టగల అత్యధిక సాంద్రత) తగ్గుతుంది, ఆప్టిమమ్ తేమ (ఆ సాంద్రత వచ్చే తేమ) పెరుగుతుంది. ఈ రెండూ తేల్చే ల్యాబ్ పరీక్ష అయిన ప్రోక్టర్ టెస్ట్‌ను సున్నం కలిపిన మట్టి మీదే మళ్లీ చేయించండి. పాత లెక్కతో పోలిస్తే బాగా వచ్చిన పొర కూడా ఫెయిలైనట్టే కనిపిస్తుంది. ఎంజైమ్ ద్రావణం గానీ, ఇంతకంటే బరువైన రోలర్ గానీ మాకు అవసరం పడలేదు.