గద్దరన్న పాటల క్యాసెట్లు కాపాడుకోవాలి, ఎవరైనా దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది అల్వాల్. 1990లో గద్దర్ అజ్ఞాతం నుంచి బయటికొచ్చాక నిజాం కాలేజీ గ్రౌండ్‌లో సభ జరిగింది కదా, దానికి మా నాన్న చిన్న టేప్‌రికార్డర్ పట్టుకెళ్లి రికార్డు చేశారట. ఆ తర్వాతి సభలవి కూడా కలిపి మొత్తం ఏడు క్యాసెట్లు ఉన్నాయి. అన్నీ 90 నిమిషాలవే, రీలు పలచన. రెండింటికి తెల్లగా బూజు పట్టింది.

పాటలు యూట్యూబ్‌లో దొరుకుతాయిగా అంటున్నారు మా వాళ్లు. కానీ ఆయన సభలో పాడితే పాట మధ్యలో ఆగి జనంతో మాట్లాడేవాడు, మళ్లీ గొంతెత్తి అందుకునేవాడు. గజ్జెల చప్పుడు, డప్పు, జనం ఈలలు, వాటన్నిటి వెనక మా నాన్న దగ్గు. నాన్న కూడా ఇప్పుడు లేరు.

కోఠిలో ఒక షాపులో ఇస్తే బూజు తుడవకుండానే ప్లేయర్‌లో పెట్టారు. రీలు చిక్కుపడి ఒకచోట తెగింది. అప్పట్నుంచి ఎవరికైనా ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది.

హైదరాబాద్‌లో పాత క్యాసెట్లను జాగ్రత్తగా కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు ఎవరైనా తెలుసా? మీరు స్వయంగా చేయించుకున్న చోటైతే మరీ మంచిది. తెగిన రీలు అతికించడానికి మామూలు సెల్లోటేపు వాడితే జిగురు కారి పాడవుతుందన్నారు, మరి ఏది వాడాలి? బూజు ఇంట్లో తుడవొచ్చా?

ఆగస్టు 6న గద్దరన్న వర్ధంతి. 2023లో ఎల్బీ స్టేడియం నుంచి అల్వాల్ దాకా ఆయన వెంట నడిచిన మా గల్లీవాళ్లందరికీ ఆ రోజు ఇవి వినిపించాలని ఉంది.