ఫోర్‌మన్ అనుభవాన్ని షెడ్యూలింగ్ వ్యవస్థలోకి ఎక్కించడం ఎలా?

ప్రశ్న: బాలానగర్‌లోని మా మెషిన్ షాపులో ఏ జాబ్ ఏ లేత్‌పై ముందు ఎక్కాలో ఏళ్ల తరబడి మా ఫోర్‌మన్ గారే నిర్ణయిస్తున్నారు. గడువు తేదీల ప్రకారం వరుస వేసే సాఫ్ట్‌వేర్ ఉన్నప్పటికీ, అది ఇచ్చిన జాబితాలో సగం ఆయన రోజూ ఎర్ర పెన్నుతో కొట్టేసి తిరగరాస్తారు. వచ్చే ఏడాది ఆయన రిటైరవుతున్నారు. ఆ అనుభవాన్ని నిలుపుకొనే మార్గం ఉందా?

జవాబు 1: ఉందండి. 1980ల ఆరంభంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఫాక్స్ బృందం వెస్టింగ్‌హౌస్ టర్బైన్ భాగాల కర్మాగారం కోసం ఐసిస్ అనే షెడ్యూలింగ్ వ్యవస్థను రూపొందిస్తూ, అక్కడ పనుల వరుస వేసే ఉద్యోగుల సమయంలో అధిక భాగం వరుస వేయడానికి కాక, వివిధ విభాగాల నుంచి పరిమితులను తెలుసుకోవడానికే పోతున్నదని గమనించింది. అందుకే గడువు, ఖర్చు, యంత్ర సామర్థ్యం వంటి పరిమితులనే జ్ఞానంగా భద్రపరిచి, అన్నీ ఒకేసారి కుదరనప్పుడు దేన్ని ఎంతవరకు సడలించవచ్చో కూడా అందులో పొందుపరిచారు. నా దృష్టిలో అసలు విలువ ఆ సడలింపులోనే ఉంది. మీ ఫోర్‌మన్ గారు రోజూ చేస్తున్నదీ అదే.

జవాబు 2: ఆ ఎర్ర పెన్ను కాగితాలను దయచేసి పారేయకండి. "నియమాలు చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు, కానీ ఒక్కో కొట్టివేతను చూపించి కారణం అడిగితే తప్పక చెబుతారు.

ప్రశ్న అడిగినవారు: ఈరోజే అడిగాను. గడువు దూరంగా ఉన్న 16 మి.మీ. బార్ జాబ్‌ను ముందుకు జరిపినది, కాలెట్ (లేత్‌లో బార్‌ను పట్టి ఉంచే బిగింపు, బార్ సైజును బట్టి మార్చాలి) మార్చే 40 నిమిషాలు మిగులుతాయనట. సాఫ్ట్‌వేర్‌లో కాలెట్ అన్న గడే లేదు.

జవాబు 1: ముందుగా ఆ గడిని చేర్చండి. ప్రతి నియమం పక్కన కారణమూ రాయండి. కొత్త యంత్రం వచ్చిన రోజున దేన్ని తీసేయాలో అప్పుడే తెలుస్తుంది.