కుర్చీలో మనిషి మారాక ముందస్తుకు పోవాలా, ఆగాలా?

పెన్నాగట్టు (నెల్లూరు):
అధికార పార్టీలో నాయకుడు మారితే కొత్తగా వచ్చినాయన వెంటనే జనం ముందుకు పోవాలా, ఉన్న గడువు నడుపుకోవాలా? కెనడాలో కార్నీ 2025 మార్చి 14న ప్రధానిగా ప్రమాణం చేశారు, ఏప్రిల్ 28న పోలింగ్, గెలిచారు. జపాన్‌లో ఇషిబా 2024 అక్టోబరు 1న ప్రధానిగా వచ్చి 27న ఎన్నికలు పెట్టి మెజారిటీ పోగొట్టుకున్నారు. మన రాష్ట్రంలో అట్టాంటి పరిస్థితి వస్తే ఏది మేలు? ఖర్చు సంగతి, పాలన ఆగిపోయే సంగతి కూడా రాయండి.

గుండ్లకమ్మ (ఒంగోలు):
పోవాల్సిందే. 1989లో కాంగ్రెస్ గెలిచిన సభ ముగ్గురు ముఖ్యమంత్రుల్ని చూసింది: చెన్నారెడ్డి, 1990 డిసెంబరులో మీ నెల్లూరు జనార్దనరెడ్డి, 1992 అక్టోబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి. తర్వాతి ఇద్దర్లో ఒక్కరూ కొత్తగా తీర్పు అడగలా. 1994లో కాంగ్రెస్‌కి మిగిలింది 26 సీట్లు. జనం ఓటేసింది ఒకరికి, ఏలింది ఇంకొకరు. దానికి బదులు చెప్పకుండా ఐదేళ్లు లాగితే ఇట్టాగే ఉంటది.

సింగరాయకొండ:
మరి 1995 సంగతో? సెప్టెంబరు 1న చంద్రబాబు కుర్చీ ఎక్కారు. ముందస్తు ఊసే ఎత్తకుండా నాలుగేళ్లు నడిపి 1999లో 180 సీట్లు తెచ్చుకున్నారు. సభ రద్దు చేయమని అడిగింది ఎన్టీఆర్, గవర్నరు ఒప్పుకోలా. ఎమ్మెల్యేలు ఎటున్నారన్నదే అక్కడ తేల్చింది. ఆగినవాళ్లంతా ఓడిపోయారని రాయబాకండి.

కావలి బూత్:
అందరూ అసలు విషయం వదిలేశారు. కార్నీ, ఇషిబాల మాదిరి మన ముఖ్యమంత్రి పోలింగ్ తేదీ పెట్టుకోలేడు. మంత్రివర్గం తీర్మానం చేస్తే రాజ్యాంగం 174 అధికరణం కింద గవర్నరు సభ రద్దు చేస్తారు, అంతవరకే. తేదీ ఎన్నికల సంఘానిది. ఈవీఎంలకి పార్టీల ముందు మొదటి దశ తనిఖీ అవ్వాలి, జాబితా సవరణ తేలాలి, బలగాలు దొరకాలి. నోటిఫికేషన్ వచ్చాక కూడా నామినేషన్లకి ఏడు రోజులు, మర్నాడు పరిశీలన, రెండు రోజులు ఉపసంహరణ, ఆ తర్వాత కనీసం 14 రోజులకి గానీ పోలింగ్ రాదు. 2003 చూడండి: చంద్రబాబు మీద అలిపిరి పేలుడు అక్టోబరు 1న, సభ రద్దు నవంబరులో, పోలింగ్ 2004 ఏప్రిల్ 20, 26 తేదీల్లో. సానుభూతి అప్పటిదాకా నిలవలా. టీడీపీకి వచ్చింది 47 సీట్లు.

ఉదయగిరి కోట:
తేదీ సంఘానిదే గానీ, ఆరు నెలలు దాటకూడదని అదే 174లో ఉంది గదా. భయమెందుకు?

కావలి బూత్:
లేదు. ఆ ఆరు నెలలు బతికున్న సభ రెండు సమావేశాల మధ్య గడువు. 2002లో గుజరాత్ సభ రద్దయినప్పుడు రాష్ట్రపతి అడిగితే సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: రద్దయిన సభకి అది వర్తించదు.

ఉదయగిరి కోట:
అదే అభిప్రాయంలో ఎన్నికలు త్వరగా పెట్టాలని కూడా కోర్టు చెప్పింది. సగం చెప్పి జనాన్ని తప్పుదారి పట్టించబాక.

కావలి బూత్:
త్వరగా పెట్టాలన్నది నేను కాదన్నానా? నువ్వు రాసింది అధికరణం గురించి, అది తప్పు. ఆ గుజరాత్‌లోనే జులై 19న రద్దయితే డిసెంబరు 12న పోలింగ్. దాదాపు ఐదు నెలలు! కొత్త నాయకుడి గాలి ఐదు నెలలు అట్నే ఉంటదా, అది చెప్పు ముందు.

గుండ్లకమ్మ (ఒంగోలు):
ఉంటది, ముందే సిద్ధపడితే. 2018 సెప్టెంబరు 6న కేసీఆర్ సభ రద్దు చేసిన రోజే 105 మంది పేర్లు బయటపెట్టారు. డిసెంబరు 7న పోలింగ్, 88 సీట్లు. ఎదుటివాళ్లు పొత్తులు తేల్చుకునేలోపు ఆయన మనుషులు ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు.

సింగరాయకొండ:
ఆయన కొత్త నాయకుడు కాదు, నాలుగేళ్లు ఏలిన మనిషి. ఇంకో సంగతి, రద్దయిన రోజు నుంచే ఆపద్ధర్మ ప్రభుత్వానికి ప్రవర్తనా నియమావళి వర్తిస్తదని ఎన్నికల సంఘం ఆ సెప్టెంబరులోనే తేల్చింది. కొత్తగా వచ్చినాయన రద్దు చేశాడంటే కొత్త పథకం ఒక్కటీ ప్రకటించలేడు. చేతిలో చూపించడానికి ఏముంటది?

కొండపి పొగాకు:
మీరు నెలల గురించి మాట్లాడతా ఉండారు, ఆ నెలల్లో ఇక్కడేం జరుగుతదో ఎవరూ రాయలా. నవంబరు, డిసెంబరు అంటే తుపాన్లు, నెల్లూరు డెల్టాలో నాట్లు. మార్చి, ఏప్రిల్ అంటే అక్కడ వరి కోతలు, మాకు వేలం కేంద్రాల్లో పొగాకు అమ్మకాలు. కనిగిరి, దర్శి, మార్కాపురం వైపు సగం ఇళ్లకి తాళాలు, జనం బెంగుళూరు, హైదరాబాదు పనుల్లో. ఐదేళ్లకొచ్చే ఎన్నికకి ముందే సెలవు చెప్పుకుని వస్తారు. ఉన్నట్టుండి పెడితే రాలేరు. వాళ్ల ఓటు పోయినట్టే.

పెన్నాగట్టు (నెల్లూరు):
ఎమ్మెల్యేలు ఒప్పుకుంటారా అన్నది కూడా చూడాలి. రెండేళ్లు మిగిలుండగా పదవి వదులుకోమంటే కొత్త నాయకుడి మీదే తిరగబడతారు.

గుండ్లకమ్మ (ఒంగోలు):
మధ్యంతరం మన జిల్లాలకి కొత్తా? 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటుతో పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు, మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి.

ఉదయగిరి కోట:
అది అవిశ్వాసం, తర్వాత రాష్ట్రపతి పాలన. నాయకుడు కావాలని పోయింది కాదు. దీన్నీ దాన్నీ కలపబాకండి. బ్రిటన్‌లో థెరిసా మే సరైన ఉదాహరణ: 2016 జులైలో వచ్చి 2017 ఏప్రిల్ దాకా ముందస్తు లేదని చెప్పి, జూన్ 8న పెట్టి 317 సీట్లకి దిగి మెజారిటీ పోగొట్టుకుంది. పోయేదుంటే తొలి నెలల్లోనే పోవాలి, లేదంటే ఆ మాట ఎత్తకూడదు.

కావలి బూత్:
ఇదొక్కటి ఒప్పుకుంటా. ఇంకోటి, లోక్‌సభకీ అసెంబ్లీలకీ ఒకేసారి ఎన్నికలు పెట్టే జమిలి బిల్లు చదవండి. 2024 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు, సంయుక్త కమిటీకి పోయింది. అది చట్టమైతే గడువుకు ముందే రద్దయిన సభ స్థానంలో వచ్చేవాళ్లకి మిగిలిన కాలమే, కొత్తగా ఐదేళ్లు రావు. అప్పుడు ముందస్తుతో లాభమేంది?

కొండపి పొగాకు:
మిగిలిన రెండేళ్ల కోసం జనాన్ని ఇంకోసారి బూత్‌కి పిలవడం అన్యాయం. సరే, వలస పోయినోళ్ల పిల్లలకి పద్దెనిమిది నిండితే ఓటు నమోదుకి జనవరి దాకా ఆగాల్నా?

కావలి బూత్:
అక్కర్లేదన్నా. 2022 ఆగస్టు నుంచి ఏడాదికి నాలుగు తేదీలు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు 1. కొత్త ఓటుకి ఫారం 6 ముందే ఇవ్వొచ్చు. ఇల్లు మారితే ఫారం 8. నామినేషన్ల ఆఖరు రోజుకి పది రోజుల ముందే అందేట్టు చూసుకోమను, బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) విచారణకి టైం పడుద్ది.