అమ్మ వీల్‌చైర్‌కి ఈ దారి పనికొస్తుందా?

ప్రశ్న: ఇంటి నుంచి పార్కు దాకా కిలోమీటరు లోపే. అమ్మని వీల్‌చైర్‌లో తీసుకెళ్దామని నడిచి చూశాను. చదునుగానే ఉంది. మధ్యలో చిన్న ఎత్తు, చివర కాస్త కంకర. ఇంకేం చూసుకోవాలి?

జవాబు: కాళ్లకి చదునైనది చక్రాలకి కాదండీ. నాన్నగారి కుర్చీ తోసేది నేనే. ఎత్తు కన్నా నన్ను ఏడిపించేది పక్కవాలు. ఫుట్‌పాత్ రోడ్డువైపు ఒరిగి ఉంటే కుర్చీ అటే లాగేస్తుంది, ఆపి ఆపి ఒక చెయ్యి పడిపోతుంది. ఆ వాలు 50కి 1, అంటే 50 అడుగులకి ఒక అడుగు తేడా, దాటకపోతే మేలు. ఎక్కే వాలు 20కి 1 అయితే హాయి, 12కి 1 అంటే ర్యాంపులకి మామూలుగా చెప్పే హద్దు. ఫోన్‌లో వాలు కొలిచే లెవెల్ యాప్ ఉంటే, ఎక్కే వాలుకి చెప్పిన ఈ రెండూ వరసగా దాదాపు 3, 5 డిగ్రీలు. ఫోన్‌ని నేలమీద కాదు, పొడవాటి చెక్కమీద పెట్టండి. లేదంటే రాయికో లెక్క చూపిస్తుంది.

ఇంకొకరు: దారి వెడల్పుని స్తంభం ఉన్న దగ్గర కొలవండి, ఖాళీ చోట కాదు. కనీసం 90 సెంటీమీటర్లు. కుర్చీ తిప్పాలంటే మీటరున్నర.

ప్రశ్న అడిగినవారు: మరి కంకర?

జవాబు: వదులుగా ఉంటే ముందు చిన్న చక్రాలు దిగబడిపోతాయి. కుర్చీని వెనక్కి తిప్పి లాగాలి. నాలుగడుగులైతే సరే, అంతకు మించితే వేరే దారి వెతకండి. అన్నట్టు, వాన వెలిశాక ఒకసారి వెళ్లండి, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో తెలుస్తుంది.