అప్‌డేట్: భరణం కేసు హైదరాబాద్ వెళ్లి వేయాలా అని అడిగాను కదా

భర్త మూడేళ్ల క్రితం మమ్మల్ని వదిలి హైదరాబాద్ వెళ్లిపోయాడని, ఇద్దరు పిల్లలతో అమలాపురం దగ్గర పుట్టింట్లో ఉంటున్నానని రాశాను.

అక్కడికి వెళ్లనక్కర లేదండి. భార్య ఉంటున్న చోటే వేయవచ్చు. భరణం గురించి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్న 125వ సెక్షన్, దాని బదులు వచ్చిన కొత్త చట్టం నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఈ సంగతి తెలియక ఏడాదిపాటు ఫీజు కోసం చీటీ కట్టాను!

భర్తకు నోటీసు అందాక మధ్యంతర భరణం (కేసు తేలేలోపు ఇప్పించేది) వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలట. అసలు అందితే కదా. రెండుసార్లు ‘ఇంటికి తాళం’ అని తిరిగి వచ్చింది. సంక్రాంతికి మనవళ్లకు కొబ్బరికాయలు పంపిన అత్తగారు కొడుకు చిరునామా మాత్రం చెప్పలేదు. చివరికి అతని స్నేహితుడి భార్యే చెప్పింది. మూడోసారి నోటీసు అందింది.

గత నెల మధ్యంతర ఉత్తర్వు వచ్చింది: పిల్లలిద్దరికీ, నాకూ కలిపి నెలకు 9,000. మొదటి నెల డబ్బు పడింది. రెండో నెలది ఇంకా రాలేదు. వసూలుకు మళ్లీ అర్జీ పెట్టాలన్నారు, సోమవారం వెళ్తున్నాను. రొయ్యల షెడ్డులో ఆ రోజు కూలి పోయినట్టే.