శనివారం ఇంటిల్లిపాదీ రామెన్ తినడానికి వెళ్తున్నాం, అత్తగారికి ఏం చెప్పాలండి?

డెల్టా_కోడలు:
అందరికీ నమస్తే అండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. టౌన్లో ఆ రామెన్ హోటల్ ఉంది కదా, జపాన్ వాళ్ళ నూడుల్స్ సూప్ అమ్మేది, పన్నెండు దాటితే బయట బండి పెట్టుకోడానికి కూడా చోటుండదు, అదే. ఈ శనివారం మధ్యాహ్నం అక్కడికే వెళ్దామని మా పెద్దాడు ఒకటే గొడవ, యానిమేలు, అదే జపాన్ కార్టూన్లు, చూసి చూసి ఆ గిన్నె మీద మనసు పడ్డాడు. తీసుకెళ్ళడం నాకూ ఇష్టమే కానీ అత్తగారు శనివారం నీచు ముట్టరు, మావయ్యగారికి బీపీ, చిన్నదానికి నాలుగేళ్ళు, కారం తగిలితే ఏడుస్తుంది. మెనూలో వెజ్ రామెన్ అని ఉంది గానీ ఆ సూప్ దేంతో కాస్తారో తెలీదు. పైన కూరగాయలు పెట్టి అడుగున ఎముకల సూప్ పోస్తే? ఆవిడ నా మాట నమ్మి తింటారు కదండీ. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

నరసాపురం_టు_ఒసాకా:
నీ అనుమానం కరెక్టేనమ్మా. నేను ఉద్యోగం మీద జపాన్‌లో ఉండొచ్చాను, అక్కడ రామెన్ అంటే అసలు సంగతంతా సూప్‌లోనే ఉంటది. టొంకొట్సు అని రాసుంటే పంది ఎముకలు గంటల తరబడి మరిగించింది, కొవ్వంతా నీళ్ళలో కలిసిపోయి పాలలా తెల్లగా వస్తది, ఫుకుఒకా వైపు అదే ఫేమస్. షోయు, షియో, మిసో అని రాసుంటే అవి సోయా సాస్, ఉప్పు, పులియబెట్టిన సోయా ముద్ద, అంటే సూప్‌లో కలిపే రుచి మాత్రమే, కాబట్టి మిసో అని చూసి వెజ్ అనుకోవద్దు, కింద కోడి సూపో పంది సూపో ఉండొచ్చు. ఇంకోటి దాషి, అంటే జపాన్ వాళ్ళు వంటల్లో వాడే పల్చటి సూప్. అందులో కట్సుఒబుషి అని ఎండబెట్టిన చేప తురుము పడతది, కొన్ని చోట్ల మన ఎండు నెత్తళ్ళలాంటి చిన్న చేపలు వేసి కాస్తారు. గిన్నెలో ముక్క కనపడదు, కానీ నీచే కదా.

అందుకని వెజ్జేనా అని అడక్కు, అవునండి అనేస్తారు. కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షిటాకే పుట్టగొడుగులతో విడిగా కాచిన సూప్ ఉందా, చేప పొడి ఏమైనా పడుతుందా, గరిటె వేరేనా అని అడుగు. మిరిన్, సాకే కూడా చాలామంది వాడతారు, అవి బియ్యంతో చేసే మద్యం జాతివి, ఉడికేటప్పుడు చాలావరకు పోతది గానీ పెద్దావిడకి పట్టింపు ఉంటే ముందే చెప్పెయ్యి. నూడుల్స్ పసుపుపచ్చగా ఉన్నాయని గుడ్డు అనుకోనక్కర్లేదు, కాన్సుయి అనే క్షారం కలపడం వల్ల ఆ రంగూ ఆ సాగుడూ వస్తాయి, కొన్నిట్లో గుడ్డు కూడా వేస్తారులే, అదీ అడిగెయ్యి.

తణుకు_బాబాయ్:
మావయ్యగారి గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకూ బీపీయే కాబట్టి చెప్తున్నా. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, ఒక్క రామెన్ గిన్నెలోనే అంత ఉప్పు పట్టేస్తది, అందులో ఎక్కువ భాగం సూప్‌లోనే. నూడుల్స్, ముక్కలు తిని సూప్ నాలుగు చెంచాలు రుచి చూసి వదిలెయ్యమనండి. టారే, అంటే సూప్‌లో కలిపే ఆ ఉప్పటి రుచి సాస్, తక్కువ వెయ్యమంటే వేస్తారు, సిగ్గుపడకుండా అడగండి.

అమలాపురం_అక్క:
పిల్లలున్నారు కాబట్టి నాదో మాట తల్లీ. మన ఇళ్ళలో అందరికీ వడ్డించేదాకా ఎవరూ ముద్ద ముట్టరు కదా, అక్కడ మాత్రం ఎవరి గిన్నె ముందొస్తే వాళ్ళు మొదలెట్టెయ్యాలి. వేడి సూప్‌లో నూడుల్స్ నాని ఉబ్బిపోతాయి, కాసేపాగితే ఆ బిగువే ఉండదు. మా పిన్ని అందరికోసం ఆగి ఆగి చివరికి ముద్దైపోయింది తిని, ఇదేం గొప్పే అంది పాపం, నాకెంత బాధేసిందో. మీ అత్తగారికి ఈ సంగతి ఇంటి దగ్గరే చెప్పెయ్. చిన్నదానికి వేరే గిన్నె వద్దు, నీ దాంట్లోంచి ఖాళీ గిన్నెలోకి తీసి, చల్లారాక నూడుల్స్ చిన్నగా కత్తిరించి పెట్టు, మిసోలో మొక్కజొన్న గింజలు వేసేది ఉంటే ఇష్టంగా తింటది, చిల్లీ ఆయిల్ వద్దని ముందే చెప్పు. గుడ్డు సగం ఉడికినదే వస్తది, చిన్నపిల్ల కాబట్టి గట్టిగా ఉడకబెట్టమను. పార్సిల్ మాత్రం వద్దు, తప్పదంటే సూప్ వేరు నూడుల్స్ వేరు కట్టించుకో.

కాలవగట్టు:
అసలు శనివారమే ఎందుకండీ, ఆదివారం పెట్టుకుంటే సగం చిక్కులు పోతాయి కదా, రష్ ఉంటది గానీ పదకొండున్నరకల్లా వెళ్తే కూర్చోవచ్చు.

డెల్టా_కోడలు:
అందరికీ చాలా థాంక్స్ అండి. హోటల్‌కి ఫోన్ చేశాను, వంట చేసే అబ్బాయే లైన్లోకొచ్చి ఓపిగ్గా చెప్పాడు. వెజ్ సూప్ కొంబు, పుట్టగొడుగులతోనే కాస్తారంట, మిరిన్ మాత్రం పడుతుందంట, నూడుల్స్ అన్నిటికీ ఒకటే నీళ్ళలో ఉడికిస్తారంట. ఉన్నదున్నట్టు అత్తగారికి చెప్పేశాను. ఆవిడ కాసేపు ఆలోచించి, శనివారం నాకు మనసొప్పదమ్మా, ఆదివారం వెళ్దాం, అప్పుడైతే కోడి సూప్‌ది నేనూ తింటాను, పంది మాత్రం వద్దు అన్నారు. పెద్దాడికి ఒక రోజు ఆగడమే కష్టంగా ఉంది. మావయ్యగారికి టారే తక్కువ వెయ్యమని ఫోన్లోనే చెప్పేశాను బాబాయ్ గారూ. వెళ్ళొచ్చాక ఏది బాగుందో ఇక్కడే రాస్తాను, నాలాగే పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఉంటారు కదా.